కుక్క కాటుకు సబ్బు నీళ్ళు

"కుక్క కాటుకు చెప్పుదెబ్బ" అని మనలో ఒక సామెత ఉంది. మాటకు మాట అనే సందర్భంలో వాడుకుంటాము గాని, వైద్యం సంగతిలో ఇది పనికిరాదు. కుక్క కాటుకు సరియైన దెబ్బ సబ్బూ నీళ్ళూను. ఈ మాట నేను వార్డులో ఎన్ని వందలసార్లు చెప్పానో లెక్క లేదు. అయినా ఈనాటికీ మా క్యాజువాల్టీకి వచ్చే కాట్లలో కొన్నింటిమీద సున్నమో, కారమో, కాఫీ పొడో, ఏదో ఆకు పసరో పూసి ఉంటుంది. ముందు దానిని కడగడానికే మా సిస్టర్లకు చాలా సమయం పడుతుంది.

1990వ దశకం మొదట్లో నేను కొత్తగా స్టాఫ్ నర్సుగా చేరిన రోజులలో ఒక ఎనిమిదేళ్ళ బాబును తీసుకొని వచ్చారు. రెండు రోజులుగా జ్వరం, ఎడమ పాదంలో తిమ్మిరి. దాహంగా ఉందంటాడు, స్టీలు గ్లాసుతో నీళ్ళు దగ్గరకు తేగానే గొంతు బిగుసుకుపోయి గ్లాసును తోసివేస్తాడు. ఫ్యాను గాలి తగిలినా అంతే, ఒళ్ళంతా కదిలిపోయేది. డాక్టరుగారు ఫ్యాను ఆపించి, తల్లిని బయటకు పిలిచి, కుక్క ఏమైనా కరిచిందా అని అడిగారు. ఆమె చాలాసేపు ఆలోచించి, రెండు నెలల క్రితం వీధిలో కుక్కపిల్లకు అన్నం పెడుతుంటే పాదం మీద పన్ను గీరిందని చెప్పింది. "చిన్న గీతేనమ్మా, రక్తం కూడా సరిగా రాలేదు. సున్నం రాశాను, మానిపోయింది" అన్నది. ఆ బాబుకు చివరివరకు స్పృహ ఉంది, మాతో మాట్లాడుతూనే ఉన్నాడు. మూడవ రోజు తెల్లవారుజామున చనిపోయాడు. మేము చేయగలిగినది గదిలో చీకటి చేసి, నొప్పి, భయం తగ్గడానికి మందు ఇవ్వడం మాత్రమే.

మేము రెండు నెలలు ఆలస్యంగా కలిశాము. ఈ వ్యాసంలో నేను చెప్పవలసినదంతా ఆ రెండు నెలల గురించే.

రేబిస్ ఎలా వస్తుంది?

రేబిస్ ఒక వైరస్ వలన వచ్చే వ్యాధి. వ్యాధి ఉన్న జంతువు ఉమ్మిలో ఈ వైరస్ ఉంటుంది. అది కరిచినప్పుడు, గీరినప్పుడు, లేక మన ఒంటిమీద ఉన్న పుండును, పెదవులను, కంటిని నాకినప్పుడు లోపలికి ప్రవేశిస్తుంది. మన దేశంలో మనుషులకు దాదాపు ఎల్లప్పుడూ కుక్క ద్వారానే వస్తుంది. పిల్లి, కోతి, నక్క, ముంగిస ద్వారా కూడా రావచ్చు.

మిగిలిన అనేక వ్యాధుల వలె ఇది రక్తంలో కలిసి వెంటనే ఒళ్ళంతా పాకదు. కరిచిన చోట కండలో ఉండి, అక్కడి నరాన్ని పట్టుకొని మెల్లగా మెదడువైపు ప్రయాణం చేస్తుంది. అందుకే కాటుకూ జబ్బుకూ మధ్య సాధారణంగా ఒకటి నుండి మూడు నెలల వ్యవధి ఉంటుంది. కొందరికి వారం పది రోజులే పట్టవచ్చు, అరుదుగా సంవత్సరం దాటవచ్చు. ముఖము, మెడ, చేతుల మీద కరిస్తే దారి తక్కువ కాబట్టి ప్రమాదం త్వరగా వస్తుంది. మెదడును చేరిన తరువాత మందు లేదు. లక్షణాలు మొదలైన తరువాత బ్రతికి బయటపడినవారు ప్రపంచం మొత్తం మీద బహు కొద్దిమంది.

భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఇంత భయంకరమైన వ్యాధి అయినప్పటికీ, కాటు తరువాత మనకు ఇంత గడువు ఇచ్చే వ్యాధి మరొకటి నాకు తెలియదు. ఆ గడువులో టీకా పూర్తి చేస్తే వ్యాధి రాకుండా ఆపగలం.

పద్నాలుగు సూదుల భయం

ఇప్పటికీ పెద్దవాళ్ళు "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారట గదా సిస్టరమ్మా" అని అడుగుతారు. అది అబద్ధం కాదు, నేను నా చేతులతో వేసినవే. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు గొర్రె మెదడు నుండి తయారుచేసిన టీకా అది. దాదాపు తొంభై ఏళ్ళు మన దేశంలో బీదవారికి అదే దిక్కు. ప్రతిరోజూ కడుపు మీద పెద్ద సూది. నాలుగైదు రోజులకు కడుపు వాచి గట్టిపడేది, పిల్లలు మమ్మల్ని చూస్తేనే ఏడ్చేవారు. సగంలో మానివేసేవారు చాలామంది. పైగా అందులో మెదడు కణజాలం ఉండడం వలన కొద్దిమందికి కాళ్ళు చేతులు పడిపోయే ప్రమాదం కూడా ఉండేది. 2004 డిసెంబరులో భారత ప్రభుత్వం దానిని పూర్తిగా ఆపివేసింది. ఆ వార్త విన్న రోజు మా వార్డులో సిస్టర్లమందరం టీ తెప్పించుకొని త్రాగాము!

ఇప్పటి టీకా ప్రయోగశాలలో కణాల మీద పెంచి శుద్ధి చేసినది. దీనిని రెండు విధాలుగా వేస్తారు. కండలోకి అయితే ఐదు రోజులు: 0, 3, 7, 14, 28. చర్మం పొరలోకి అయితే నాలుగు రోజులే: 0, 3, 7, 28. ప్రతిసారీ రెండు భుజాల మీద 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు చిన్న సూదులు. బీసీజీ టీకా వేసినప్పుడు వచ్చినట్లుగా చర్మం కొంచెం పొంగుతుంది. 2006లో మన దేశంలో ఈ చర్మం పద్ధతికి అనుమతి వచ్చింది. కొద్ది మందుతో ఎక్కువ మందికి వేయవచ్చు గనుక ప్రభుత్వ ఆసుపత్రులలో ఎక్కువగా దీనినే వాడతారు. "ఇంత చిన్న సూదితో పనవుతుందా?" అని అనుమానించేవారు ఉన్నారు. అవుతుంది. మందు తక్కువైనా చర్మంలో రక్షణ కణాలు ఎక్కువగా ఉండడం వలన శరీరం బాగా స్పందిస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఈ టీకా పిరుదు మీద వేయకూడదు, అక్కడ కొవ్వు ఎక్కువగా ఉండి మందు సరిగా పనిచేయదు.

దేశం ఏమి చేస్తున్నది?

ప్రపంచంలో రేబిస్ వలన ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని, అందులో మూడవ వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చింది. తరువాత 2022–23లో భారత వైద్య పరిశోధన మండలి వారు 15 రాష్ట్రాలలో ఇంటింటికీ తిరిగి లెక్క తీశారు. దాని ప్రకారం ఏటా సుమారు 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయి, సుమారు 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. పాత అంచనాలకన్న ఇది తక్కువే. కాని ఆ సర్వేలోనే కరిపించుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరు అసలు టీకాయే వేయించుకోలేదని తేలింది. నాకు 5,700 అనే అంకెకన్న ఆ ఐదవ మనిషి గురించే ఎక్కువ దిగులు.

2008లో కేంద్ర ప్రభుత్వం అహ్మదాబాదు, బెంగుళూరు, ఢిల్లీ, పుణె, మధురై నగరాలలో ప్రయోగాత్మకంగా రేబిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. తరువాత పన్నెండవ పంచవర్ష ప్రణాళికలో దేశమంతటికీ జాతీయ రేబిస్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. డాక్టర్లకు, నర్సులకు శిక్షణ, చర్మం పద్ధతి టీకా, కాట్ల లెక్క వ్రాయడం ఇవన్నీ అందులోనివే. మా రిజిస్టరులో "ఏ జంతువు, ఎక్కడ కరిచింది, ఎన్నవ సూది" అని గళ్ళు గీసి వ్రాయడం అప్పుడే బాగా అలవాటైంది.

అయితే ఇదంతా మనిషివైపు పని. కుక్కలో ఉన్న వ్యాధిని వదిలి, కరిచిన తరువాత మనిషికి సూది వేస్తూ పోతే అది కుళాయి కట్టకుండా నేల తుడిచినట్లే. 2021 సెప్టెంబరు 28న, అంటే ప్రపంచ రేబిస్ దినం నాడు, కేంద్ర ఆరోగ్య శాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించాయి. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను దేశంలో లేకుండా చేయాలని దాని లక్ష్యం. మనుషుల డాక్టర్లు, పశువుల డాక్టర్లు ఒకే కాగితం మీద సంతకం చేశారన్నది దానిలో నాకు నచ్చిన సంగతి. మనిషిలో రేబిస్ కనబడితే తప్పక ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించమని రాష్ట్రాలను కూడా కోరారు.

ఆ ప్రణాళికకు మూలం డెబ్బై శాతం అనే లెక్క. ఒక ఊరిలో వంద కుక్కలుంటే డెబ్బైకి టీకా వేయగలిగితే చాలు, వ్యాధి ఒక కుక్క నుండి మరొక కుక్కకు అందక ఆగిపోతుంది. జబ్బుపడిన కుక్క ఎదురుపడిన కుక్కనల్లా కరిచినా, వాటిలో ఎక్కువ వాటికి రక్షణ ఉంటుంది గనుక గొలుసు తెగిపోతుంది. ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు పుడతాయి కాబట్టి ప్రతి ఏడాదీ వేయవలసిందే.

"ఇంత గొడవ ఎందుకు, చంపేస్తే పోలే" అని నాతో వాదించినవారు ఉన్నారు. వారి కోపం నాకు అర్థమవుతుంది, ముఖం చీరుకుపోయిన చంటిబిడ్డకు కట్టు కట్టిన చేతులు ఇవి. కాని ఒక వీధిలో కుక్కలను తీసివేస్తే అక్కడి తిండి కోసం ప్రక్క వీధి కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉండదు. టీకా వేసిన కుక్క వీధిలో ఉండడం వలన మనకు రక్షణ. అందుకే పట్టుకొని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేయాలన్నది చట్టం కూడా. చెత్తకుప్పలు, మాంసపు దుకాణాల వ్యర్థాలు రోడ్డున పడవేయడం మానితే సగం కుక్కలు వాటంతట అవే తగ్గుతాయి. ఈ సంగతి మాత్రం ఏ సభలో చెప్పినా ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఇది మాటలలో కాక చేతలలో జరిగిన చోటు గోవా. 2013 నుండి అక్కడ ప్రభుత్వము, మిషన్ రేబిస్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి, వలలతో కుక్కలను పట్టి, టీకా వేసి, ఏ వీధిలో ఎన్ని అయ్యాయో ఫోనులో నమోదు చేసుకుంటూ వెళ్ళారు. ఏడాదికి 95,000కు పైగా కుక్కలకు టీకా, 1,50,000 మంది బడి పిల్లలకు పాఠాలు. 2022లో వచ్చిన పరిశోధనా వ్యాసం ప్రకారం 2019 నాటికి అక్కడి కుక్కలలో రేబిస్ 92 శాతం తగ్గింది, మనుషుల మరణాలు ఆగిపోయాయి. గోవా చిన్న రాష్ట్రమే, ఒప్పుకుంటాను. అయితే అక్కడ వాడిన టీకా మనకు దొరకనిది కాదు. మనిషి టీకా, కుక్క టీకా రెండూ తయారుచేసే ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ కేంద్రం మన హైదరాబాదే. ఏటా జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తూ ఉంటారు. 1885లో అదే తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్, కుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవానికి మొదటిసారి టీకా ఇప్పించాడు. ఆ పిల్లవాడు బ్రతికాడు. మీ ఇంటి కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, తరువాత పశువైద్యులు చెప్పినట్లు మరల మరల వేయించండి.

కరిచిన వెంటనే

కరిచినా, గీరినా ఆ చోటును కుళాయి క్రింద లేక చెంబుతో నీళ్ళు ధారగా పోస్తూ, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. బట్టల సబ్బయినా సరే. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను కరిగించి దానిని చంపుతుంది. జిడ్డు గిన్నె తోమేటప్పుడు మీరు రోజూ చూసేదే ఇది. పదిహేను నిమిషాలు చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, గడియారం చూసి కడగండి. తరువాత అయోడిన్ మందు ఉంటే పూయండి. కారం, సున్నం, పసరు వద్దు. అవి పుండును మండించి నరాలను ఇంకా బయటపెడతాయి. గట్టిగా కట్టు కట్టవద్దు. కుట్లు కూడా వీలైనంతవరకు వేయము. తప్పనిసరి అయితే పుండులో మందు ఎక్కించిన తరువాతే వదులుగా వేస్తాము. "ఇంత గాయానికి కుట్టు వేయలేదు" అని మామీద కోపపడవద్దు.

ఆ తరువాత ఆసుపత్రికి. చర్మం చెక్కుచెదరని చోట కుక్క నాకితే టీకా అక్కరలేదు. రక్తం రాకుండా చిన్నగా గీరినా టీకా కావాలి. రక్తం వస్తే, పుండు మీద, నోటిలో, కంటిలో ఉమ్మి పడితే టీకాతో పాటు సీరం కూడా కావాలి. ఈ సీరమును పుండులోకి, పుండు చుట్టూ ఎక్కిస్తారు. నొప్పిగానే ఉంటుంది. టీకా వలన శరీరంలో రక్షణ పుట్టడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ మధ్యకాలంలో వైరస్‌ను పుండులోనే పట్టి ఉంచేది ఈ సీరమే. టీకా వేయించుకొని సీరం వద్దనేవారు తలుపుకు గడియ పెట్టి కిటికీ తెరిచి ఉంచినట్లే.

శనివారం సాయంత్రం కరిస్తే సోమవారం వరకు ఆగకండి. పెంపుడు కుక్క అయితే, అది బాగానే ఉందని ఇంట్లో కూర్చోవద్దు. టీకా మొదలుపెట్టి, కుక్కను పది రోజులు గమనించండి. అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన సూదుల సంగతి డాక్టరుగారు చెబుతారు. గర్భిణులకు, బాలింతలకు, చంటిబిడ్డలకు ఈ టీకా వేయవచ్చు. వేయకపోవడమే ప్రమాదం. పత్యం ఏమీ లేదు. మాంసం, వంకాయ మానమని మేము ఎవరికీ చెప్పలేదు, ఎవరు చెబుతారో నాకు తెలియదు.

మరొక సంగతి. ఒకసారి ఒక గేదె పిచ్చెక్కి చనిపోయిందని, దాని పాలు వాడుకున్న ఇళ్ళవారంతా రెండు ఆటోలలో మా ఆసుపత్రికి వచ్చారు. కాచిన పాలలో ఈ వైరస్ బ్రతకదు. పాలు కాచి త్రాగినవారికి టీకా అవసరం లేదు. అయితే ఆ గేదె నోటిలో చేయిపెట్టి మందు పోసిన ఇద్దరు మాత్రం వెనుక వరుసలో మాట్లాడకుండా నిలుచున్నారు. టీకా కావలసింది వారికే.

పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అనుమానపు కాట్లకు గురయ్యేవారిలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వారు తిడతారని, సూది వేస్తారని దాచిపెడతారు. స్నానం చేయించేటప్పుడు కాళ్ళు చేతులు చూడండి. "కుక్క గీరిందా?" అని కోపం లేకుండా అడగండి.

నాలుగవ గడి

మా రిజిస్టరులో మొదటి మూడు గళ్ళలో టిక్కులు నిండుగా ఉంటాయి, ఇరవై ఎనిమిదవ రోజు గడి ఖాళీగా ఉంటుంది. ఒక చిక్కు తేదీల లెక్కలో వస్తుంది. సున్నా రోజు అంటే కరిచిన రోజు కాదు, మొదటి సూది వేసిన రోజు. 3వ తేదీ సోమవారం మొదలుపెడితే 6వ తేదీ గురువారం, 10వ తేదీ సోమవారం, 31వ తేదీ సోమవారం రావాలి. ఈ తేదీలు కార్డు మీద వ్రాసి ఇస్తాము. రానివారికి ఫోను చేస్తాము.

ఈమధ్య అలా ఒక పెద్దాయనకు ఫోను చేశాను. "పుండు మానిపోయింది సిస్టరమ్మా, ఇంకెందుకు?" అన్నారు. "బాబాయిగారూ, మానింది పైన చర్మం. లోపల రక్షణ నిలిచి ఉండడానికే ఈ చివరి సూది" అని చెప్పాను. మర్నాడు పొద్దున్నే వచ్చారు. వెంట ఆరేళ్ళ మనవడిని తెచ్చారు. రాత్రి ఇంట్లో ఈ మాటలు నడుస్తుంటే, అదే రోజున అదే కుక్క తన మోకాలి క్రింద కూడా గీరిందని వాడు చెప్పాడట. తాతను కరిచిన గొడవలో వాడిని ఎవరూ అడగలేదు. నెల దాటితే మాత్రం ఏమి, లక్షణాలు రానంతవరకు ఆలస్యమైందని వదిలిపెట్టకూడదు. మచ్చ చూశాము, సబ్బుతో కడిగాము, డాక్టరుగారు చూసి సీరం, టీకా రెండూ వ్రాశారు. వాడి పేరున కొత్త కార్డు తీసి, సున్నా రోజు గడిలో ఆ రోజు తేదీ వేశాను.